అర మాత్ర

బర్న్‌లీలో గురువారం. వాన తెరిపివ్వలేదు.
చర్చి వెనక హాల్లో మడత కుర్చీలు తొమ్మిది.
మనుషులం ఏడుగురం. ఒక కుర్చీలో నా కోటు,
ఇంకోదాని మీద అడ్డంగా నోరా చేతికర్ర.

నోరా హాల్‌స్టెడ్, ఎనభై ఒకటి.
కుడి మోకాలు పోయిన చలికాలం నాటిది, టైటానియం.
దానికి నడక నేర్పింది నేనే, జీతానికి.
వంపు తొంభై అయిదు డిగ్రీలని రాసిందీ నేనే.
ఆ ఫారంలో ఇంకేమైనా రాద్దామంటే గడి లేదు.

ఇవాళ పావుకోళ్ళు తొడుక్కుంది.
మన స్వాముల పావుకోళ్ళలాంటివి కావు,
పైన తోలు, కింద చెక్క,
చెక్కకి గుర్రపునాడా లాంటి ఇనుప పట్టీ.
మిల్లుకి వేసుకెళ్ళినవే.

మొదటి దెబ్బకి కప్పుల్లో టీ వణికింది.
మడమ, మునివేళ్ళు, మడమ, మడమ.
నాడె అటు, నాడె ఇటు, అచ్చు వచ్చి తగిలిన చప్పుడు.
ఆరువందల మగ్గాల షెడ్డులో
పదిహేనో ఏట చేరి ఇరవైకల్లా చెవులు పోగొట్టుకున్న అమ్మాయిలు
కాళ్ళతో విని, కాళ్ళతోనే బదులు చెప్పుకునేవారట.
మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు. కింద జిమ్ము.
చప్పుడొక్కటే ఖాళీ చెయ్యలేదు,
ఈమె చీలమండల్లో
అద్దె కట్టకుండా ఉంటోంది.

ఎనిమిదో దరువు దగ్గర తడబాటు.
పడుతుందేమోనని నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.
పడలేదు.
మళ్ళీ ఎనిమిది, మళ్ళీ అక్కడే
అర మాత్ర ఆలస్యం.

టీ దగ్గర అడిగాను.
నా యాస ఆమెకి అడ్డం కాదు,
పెదాలు చదువుతుంది, మిల్లులో అబ్బిన చదువు.
"అది మా అమ్మమ్మది పిల్లా.
బెల్టులో పడి ఆవిడ ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి.
ఆ పాదం ఆన్చే ముందు కాస్త ఆలోచించేది.
మా అమ్మకి వేళ్ళు పదీ ఉండేవి, అయినా ఆగేది.
నాకూ ఉన్నాయి. నేర్పినట్టే నేర్చుకున్నా.
పోటీల్లో దానికి మార్కులు తీసేసేవాళ్ళు."

"ఇప్పుడు నిజంగానే కుంటుతున్నా," అని నవ్వింది,
"ఏది ఆవిడదో ఏది నాదో నాకే తెలీట్లేదు."
చిక్కంతా కుడి మోకాలితోనేనట.
దానికి అమ్మమ్మ లేదు.
రోజూ పొద్దున ఎడమకాలు దానికి పాఠం చెబుతోంది.
నొప్పి మరీ ఎక్కువైతే అర మాత్ర వేసుకుంటుంది.
ఏ మాత్ర, అని నాలో నేను తెలుగులో నవ్వుకున్నాను.

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను:
మా తాత చీరాల దగ్గర గుంటమగ్గం నేసేవాడు.
ఆయన తాత కాలంలో
ఈ వైపు మిల్లుల గుడ్డ ఓడల్లో వచ్చి
మా వీధిలో సగం గుంటలు పూడ్చిందట.

నోరా నా పెదాల వైపే చూసింది, చాలాసేపు.
నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ అనలేదు.
బిస్కెట్ల పళ్ళెం ఇటు జరిపింది.
వాన పైకప్పు రేకు మీద ఎవరి లెక్కలోనో పడుతోంది.

"ఆయన కాళ్ళు ఎలా కదిలేవి?"

నేను నాట్యం నేర్చుకున్నదాన్ని కాదు.
కానీ తాత ఆఖరి వారం
ఆస్పత్రి దుప్పటి కింద, పడుగూ లేకుండా పేకా లేకుండా,
పాదాలు తొక్కుడు కర్రల్ని తొక్కుతూనే ఉండటం చూశాను.
నర్సు రెండుసార్లు దుప్పటి సర్దింది.

కుర్చీలోనే బూట్లు విప్పాను. మేజోళ్ళు కూడా.
కుడి, ఆగి, ఎడమ. కుడి, ఆగి, ఎడమ.
పోగు తెగినప్పుడు రెండూ పైకి.
చల్లటి నేల.

నోరా నా పెదాలు చూడటం మానేసింది.
మెల్లిగా వంగి, తొంభై అయిదు డిగ్రీలు దాటి వంగి,
నా మడమ మీద వేలు పెట్టింది.
"మళ్ళీ," అంది.
"ఎడమది తొందరపడుతోంది."